పన్నుకు పొన్ను

కురుక్షేత్ర రణరంగంలో నేలకొరిగి తుది ఘడియలలో ఉన్న కర్ణుని వద్దకు శ్రీకృష్ణుడు వృద్ధ బ్రాహ్మణుని వేషంలో వచ్చి దానం అడిగాడనీ, చేత చిల్లిగవ్వ లేని ఆ దానవీరుడు తన బంగారు పంటిని ఊడగొట్టి సమర్పించాడనీ ఒక గాథ మన దేశంలో నేటికీ ప్రచారంలో ఉన్నది. వ్యాసభారతంలో ఈ గాథ కనిపించదు. అయినా జనం దానిని మరచిపోలేదు. సర్వస్వం పోగొట్టుకొన్నవాని దగ్గర కూడా చివరకు మిగిలే ధనం నోటిలోని బంగారమేనన్న ఊహ అందులో ఇమిడి ఉన్నది.

ఇటువంటి ఊహ మన ఒక్క దేశానికే పరిమితం కాదు. క్రీ. పూ. 450 ప్రాంతంలో రోము నగరం తన ధర్మశాసనాలను పన్నెండు ఫలకాల మీద ప్రకటించుకొన్నది. శవంతో పాటు బంగారాన్ని పంపరాదన్న నిషేధం ఆ శాసనాలలో ఒకటి. దానికి ఒక మినహాయింపు మాత్రం ఉన్నది: మరణించినవాని పళ్ళు బంగారంతో కట్టబడి ఉంటే ఆ బంగారాన్ని అలాగే ఉంచి అంత్యక్రియలు జరపవచ్చును. అంటే, శాసనకర్తలు పట్టించుకోవలసినంతగా ఆనాటికే పళ్ళలో బంగారం వాడుకలో ఉండెనన్న మాట.

పంటికి లోహం తొడిగే ఈ పద్ధతి ఎట్లా పుట్టినది, అలంకారం నుండి వైద్యంగా ఎట్లా మారినది, ఏ పంటికి ఎప్పుడు ఎందుకు తొడుగు అవసరమవుతున్నది అన్న విషయాన్ని ఇక్కడ ముచ్చటించుకొందాం. నేడు నగరాలలోనే గాక పల్లెలలో సైతం 'డాక్టరు పన్నుకు క్యాపు వేయించుకోమన్నారు' అన్న మాట తరచు వినిపిస్తున్నది. ఆ సలహా విన్నవారిలో కొందరు అది కేవలం అందానికని భావిస్తారు. కొందరు డబ్బు గుంజడానికి చెప్పే సాకు అనుకొంటారు. మరికొందరు నొప్పి తగ్గినది గదా, ఇక తొడుగెందుకని ఊరుకొని, కొన్ని నెలలకు పన్ను నిలువునా చీలిన తర్వాత తిరిగి వస్తారు. ఈ మూడు అభిప్రాయాలూ గాలిలోంచి పుట్టినవి కావు. మూడింటికీ చరిత్రలో మూలాలు ఉన్నవి.

ముందుగా పంటి నిర్మాణం గురించి నాలుగు మాటలు చెప్పుకోవలసి ఉన్నది. శరీరశాస్త్రజ్ఞులు పంటిని మూడు భాగాలుగా విభజిస్తారు. చిగురుకు పైన కనిపించేది కిరీటం. చిగురు అంచున సన్నబడేది మెడ. దవడ ఎముకలో నాటుకొని ఉన్నది వేరు. కిరీటాన్ని కప్పి ఉన్న తెల్లని గట్టి పొరను ఎనామిల్ అంటారు. దాని బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. మానవ శరీరంలో దానిని మించిన కఠిన పదార్థం లేదు. ఎనామిల్ కింద డెంటిన్ అనే మరికొంత మెత్తని పదార్థం, దాని నడుమ నరాలూ నెత్తుటి నాళాలూ గల గుజ్జు ఉంటాయి. ఎముక విరిగితే అతుకుతుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామిల్ మాత్రం పోయిన తర్వాత తిరిగి పుట్టదు. దానిని నిర్మించిన కణాలు పన్ను చిగురును చీల్చుకొని పైకి వచ్చేనాటికే నశించి ఉంటాయి. అందుచేతనే ప్రకృతి ప్రసాదించిన కిరీటం శిథిలమైన చోట మనిషి చేసిన కిరీటం పెట్టవలసి వస్తున్నది.

ఆ కృత్రిమ కిరీటం చేసే పని ఏమిటో తెలుసుకోవడానికి మన ఇంటి రోకలినే ఉదాహరణగా తీసుకోవచ్చును. రోకలి కొన చీలకుండా దాని చుట్టూ ఇనుప కట్టు బిగిస్తారు. దానినే పొన్ను అంటాము. పొన్ను లేని రోకలి కొన దంచగా దంచగా పగులుతుంది. పొన్ను గొప్పతనం దాని లోహంలో లేదు. అది కర్రను అన్ని వైపులా బిగించి పట్టుకోవడంలో ఉన్నది. లోపలి కర్ర పుచ్చిపోతే ఎంత గట్టి పొన్నయినా ఒకనాటికి ఊడి కింద పడక తప్పదు. దంతకిరీటం సంగతి కూడ సరిగా ఇంతే. ఈ చిన్న సత్యం బోధపడడానికి మానవజాతికి రెండున్నర వేల ఏళ్ళు పట్టినది.

రోము అధికారం వ్యాపించక పూర్వం ఇటలీ మధ్యభాగంలో ఎత్రుస్కనులనే జాతివారు నివసించేవారు. బంగారు పనిలో వారు సిద్ధహస్తులు. క్రీ. పూ. 7వ శతాబ్దం నాటి నుండి వారి సమాధులలో బంగారు పట్టీలతో బంధించిన పళ్ళు లభించినవి. ఊడిన ముందు పంటి స్థానంలో వేరొక పంటిని నిలిపి, ఇరుపక్కల ఉన్న పళ్ళకు పలుచని బంగారు రేకును చుట్టి కట్టేవారు. ఇవి ఎక్కువగా స్త్రీల అస్థిపంజరాలలోనే కనిపించడం చేత ఇది చికిత్స కంటె హోదాకు చిహ్నమై ఉండెనని పరిశోధకుల అభిప్రాయం. 13వ శతాబ్దంలో ఆసియా ఖండంలో సంచరించిన మార్కో పోలో, నేటి చైనాలోని యునాన్ ప్రాంతంలో పళ్ళకు బంగారు తొడుగులు ధరించే జనం ఉన్నారని రాశాడు. వారిని పారశీక భాషలో 'జర్దందాన్' అనేవారు; బంగారు పళ్ళవారని ఆ మాటకు అర్థం. తొడుగు అందానికేనన్న నేటి అపోహకు ఇంత పురాతనమైన వంశవృక్షం ఉన్నది.

మన ఉపఖండానికి వస్తే, ఇక్కడ అలంకారం కన్న బాధా నివారణకే పెద్దపీట వేసినట్లు కనిపిస్తుంది. బెలూచిస్థానంలోని మెహర్‌గఢ్‌లో 7,500 నుండి 9,000 ఏళ్ళ కిందటి శ్మశానవాటికలో చెకుముకి రాతి మొనతో తొలచిన దవడ పళ్ళు 11 లభించినట్లు 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. సుశ్రుతసంహిత నిదానస్థానంలో దంతరోగాలను ఎనిమిదిగా లెక్కించినారు. పుచ్చిన పంటిని కృమిదంతకమనీ, పన్ను విరిగే వ్యాధిని భంజనకమనీ, చల్లదనానికి పళ్ళు జివ్వుమనే బాధను దంతహర్షమనీ పేర్కొన్నారు. పుచ్చిన పంటి రంధ్రాన్ని బెల్లంతో గాని మైనంతో గాని నింపి కాల్చవలెనని వాగ్భటుని అష్టాంగహృదయం చెప్పుచున్నది. నొప్పి మాన్పడం, కదిలే పంటిని తీసివేయడం, రంధ్రం పూడ్చడం వరకు ఆ వైద్యం సాగినది. పుచ్చు తీసిన తర్వాత మిగిలిన పంటిగోడలను కాపాడడం ఎట్లాగన్న ప్రశ్న అప్పటికి ఉదయించలేదు.

ఆ ప్రశ్నకు తొలి సమాధానాలు 18వ శతాబ్దపు ఫ్రాన్సులో వెలువడినవి. పళ్ళు పీకడం క్షురకులకూ, సంతలలో గారడీ చేసేవారికీ వృత్తిగా ఉన్న కాలంలో పియేర్ ఫోషార్ అనే పారిస్ వైద్యుడు 1728లో రెండు సంపుటాల గ్రంథం ప్రకటించాడు. ఆయనను ఆధునిక దంతవైద్యానికి పితామహునిగా భావిస్తారు. పంటిలో పురుగు ఉండి తొలుస్తుందన్న నమ్మకం బాబిలోనియా నాటిది. మన పల్లెలలోనూ పంటిపురుగు తీసేవారి వ్యాపారం దాని మీదనే నడిచినది. ఫోషార్ సూక్ష్మదర్శినితో వెదకి, అటువంటి పురుగేదీ తనకు కనిపించలేదని రాశాడు. పైభాగం శిథిలమై వేరు మాత్రం మిగిలిన చోట ఆ వేరు కాలువలో బంగారు లేక వెండి సీల దిగగొట్టి, దాని మీద కృత్రిమ దంతాన్ని నిలిపే పద్ధతిని ఆయన వివరించాడు.

1746లో అదే పారిస్‌లో క్లోద్ మూతోన్ అనే దంతవైద్యుడు ఒక చిన్న పుస్తకంలో బంగారు టోపీ గురించి చెప్పాడు. అరిగిపోయిన దవడ పంటి మీద బంగారు రేకుతో చేసిన టోపీ తొడిగితే అరుగుదల ఆగుతుందనీ, ముందు పళ్ళకైతే ఆ బంగారం మీద తెల్లని పూత వేయవచ్చుననీ ఆయన సూచించాడు. ఈ సూచనలోని నూతనత్వాన్ని గమనించవలెను. పంటిని పీకి ఇంకొకటి పెట్టడం కాదు, ఉన్న పంటిని ఉన్నచోటనే రక్షించడం ఇక్కడ ఉద్దేశం.

కాని ఈ మేలిమి ఆలోచన చాలాకాలం మరుగున పడినది. తర్వాతి నూరేళ్ళలో ఎక్కువగా వ్యాపించినది సీల మీద నిలిపే పన్నే. దెబ్బతిన్న పంటి పైభాగాన్ని చిగురు వరకు కోసివేసి, వేరులో చెక్క సీల కొట్టి, దాని మీద కొత్త పన్ను అమర్చేవారు. చెక్క తడికి ఉబ్బి బిగుసుకొంటుందని వారి యుక్తి. ఉబ్బిన చెక్క ఒక్కొక్కప్పుడు వేరునే చీల్చేది. పైన పెట్టే పన్ను కోసం నీటిగుర్రపు దంతాన్ని, ఎద్దు పంటిని, చివరకు శవాల పళ్ళను కూడ వాడినారు. 1815లో వాటర్లూ యుద్ధభూమిలో చచ్చిపడిన సైనికుల పళ్ళు మూటలుగా అమ్ముడుపోవడం వల్ల అటువంటి పళ్ళకు 'వాటర్లూ పళ్ళు' అనే పేరు స్థిరపడినది. పింగాణీ పళ్ళు వ్యాపించిన తర్వాతగాని ఈ ఘోరం అంతరించలేదు.

19వ శతాబ్దంలో నాలుగు సాధనాలు సమకూడి కిరీటానికి మార్గం సుగమం చేసినవి. 1846లో అమెరికాలోని బోస్టన్‌లో విలియం మార్టన్ అనే దంతవైద్యుడు ఈథర్‌తో రోగికి స్పృహ తప్పించి శస్త్రచికిత్స జరిపించడంతో నొప్పి భయం తగ్గుముఖం పట్టినది. 1864లో శాన్‌ఫర్డ్ బార్నం పంటి చుట్టూ ఉమ్ము తగలకుండా పలుచని రబ్బరు తెర కట్టే ఉపాయం కనుగొన్నాడు. 1871లో జేమ్స్ మారిసన్ కుట్టుమిషను వలె కాలితో తొక్కే తొలిచే యంత్రానికి పేటెంటు పొందాడు. ఆ శతాబ్దం చివరి పాదంలో తొడుగును పంటికి అతికించే సిమెంట్లు వచ్చినవి. వీటి బలంతో బంగారు రేకును అచ్చులో నొక్కి చేసిన తొడుగులు అమెరికాలో వేలాది నోళ్ళలోకి చేరినవి. 1880 ప్రాంతంలో కాసియస్ రిచ్‌మండ్ బంగారు కట్టుకు ముందువైపు పింగాణీ పలక అతికించి, వేరులోకి సీల దించిన కొత్త కిరీటం ప్రవేశపెట్టాడు. ఈ పేటెంట్లను సంపాదించిన టూత్ క్రౌన్ కంపెనీ, కిరీటం పెట్టే ప్రతి వైద్యుడూ తమకు సుంకం చెల్లించవలెనని వ్యాజ్యాలకు దిగినది. దానిని ఎదుర్కొనడానికి 1888లో చికాగోకు చెందిన క్రౌస్ నాయకత్వాన దంతవైద్యులు ఆత్మరక్షణ సంఘం ఏర్పరచుకొన్నారు. తొడుగు చుట్టూ డబ్బు తిరుగుతుందన్న నేటి అనుమానం కూడ కొత్తది కాదని దీని వల్ల తెలుస్తున్నది.

బంగారం గట్టిదే గాని కంటికి ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. డెట్రాయిట్ నగరంలో చార్లెస్ లాండ్ అనే దంతవైద్యుడు పలుచని ప్లాటినం రేకు మీద పింగాణీని కాల్చి, 1903లో పూర్తి పింగాణీ కిరీటాన్ని వృత్తికి పరిచయం చేశాడు. 1927లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా విమానంలో దాటిన లిండ్‌బర్గ్ ఈయన దౌహిత్రుడే. ఈ తొడుగు అందంగా ఉండేది గాని నమిలే ఒత్తిడికి గాజు వలె పగిలేది.

1907లో విలియం టాగర్ట్ మరొక ముందడుగు వేశాడు. పంటి రూపాన్ని మైనంతో చేసి, దాని చుట్టూ అచ్చు పోసి, మైనాన్ని కాల్చి, ఆ ఖాళీలోకి కరిగిన బంగారాన్ని ఒత్తిడితో పంపే యంత్రం ఆయనది. దీనితో పంటికి నలుదిక్కులా సరిగా అతికే కిరీటం సాధ్యమయినది. ఈ కిటుకు మన శిల్పులకు కొత్తది కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసం మధూచ్ఛిష్ట విధానమనే పేరిట లోహవిగ్రహాలు పోతపోసే ఇదే పద్ధతిని వర్ణించినది. దేవాలయాలలోని ఉత్సవ విగ్రహాలను పోసిన పద్ధతిలోనే దవడ పంటి తొడుగునూ పోసినారన్న మాట.

ఇంతవరకు కథ విజయపరంపర వలె కనిపిస్తుంది. కాని 1910లో దానికి గట్టి ఎదురుదెబ్బ తగిలినది. లండను వైద్యుడు విలియం హంటర్ కెనడాలోని మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఉపన్యసిస్తూ, చీము పట్టిన వేర్ల మీద నిలబెట్టిన బంగారు కిరీటాలను బంగారు సమాధులతో పోల్చి తీవ్రంగా ఖండించాడు. ఆయన మాటలో సత్యం ఉన్నది. ఆనాడు చాలామంది పుచ్చును పూర్తిగా తీయకుండా, వేరులోని చీమును శుభ్రపరచకుండా, అంచులు సరిపడని తొడుగులను దాని మీద బిగించేవారు. పైన పసిడి తళతళలు, కింద కుళ్ళు. పొన్ను మెరుపు చూచినారు గాని లోపలి కర్రను చూడలేదు.

అయితే హంటర్ వాదం మరొక అనర్థానికి దారితీసినది. కీళ్ళనొప్పుల నుండి మతిచాంచల్యం వరకు సమస్త రోగాలకూ పళ్ళే మూలమన్న ప్రచారం ప్రబలినది. తర్వాతి రెండు మూడు దశాబ్దాలలో కాపాడదగిన పళ్ళను సైతం అసంఖ్యాకంగా పీకివేసినారు. రోగాలు తగ్గలేదు, నోళ్ళు మాత్రం బోసిపోయినవి. ఒక తప్పును దిద్దబోయి దానికి పూర్తిగా విరుద్ధమైన తప్పు చేయడం వైద్యచరిత్రలో అరుదు కాదు.

ఆ చీకటి నుండి దారి చూపినవి రెండు. పళ్ళ పుచ్చుకు కారణాన్ని బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ విల్లోబీ మిల్లర్ 1890లోనే వివరించి ఉన్నాడు: నోటిలోని సూక్ష్మజీవులు తీపినీ పిండి పదార్థాలనూ పులియబెట్టి పుట్టించే ఆమ్లం పంటిని కరగిస్తుంది. ఇక 1895 నవంబరులో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న కొద్ది వారాలకే, 1896 జనవరిలో జర్మనీలో ఓటో వాల్‌ఖాఫ్ తన పళ్ళ ఛాయాచిత్రం తీసుకొన్నాడు. అందుకు ఆయన 25 నిమిషాలు కదలకుండా ఉండవలసి వచ్చినది. ఈ సాధనం అందరికీ అందుబాటులోకి వచ్చిన తర్వాత వేరు కొన వరకు చూచి, శుభ్రపరచి, మూసి, ఆ పిమ్మటనే కిరీటం పెట్టడం నియమమయినది. నేడు మనం రూట్ కెనాల్ అంటున్న చికిత్స కిరీటానికి పునాది వంటిది.

తర్వాతి మార్పులు ముఖ్యంగా పదార్థానికి సంబంధించినవి. 1957లో వచ్చిన గాలి టర్బైను నిమిషానికి సుమారు 3 లక్షల చుట్లు తిరిగి పంటిని చెక్కే పనిని సులభతరం చేసినది. 1962లో వైన్‌స్టీన్, కాట్జ్ ప్రభృతులు లోహం మీద పింగాణీ పగలకుండా అతుక్కొనే మిశ్రమానికి పేటెంటు పొందారు. బంగారపు బలం, పింగాణీ అందం ఒకచోట చేరినవి. 1965లో ఇంగ్లండులో మక్లీన్, హ్యూస్ అల్యూమినా కలిపి పింగాణీని దృఢతరం చేసినారు. 1985లో జూరిక్‌లో కంప్యూటరు సాయంతో పింగాణీ దిమ్మెను చెక్కి, అదే పూట రోగి పంటిలో అమర్చినారు. నేడు విరివిగా వాడుతున్న జిర్కోనియా తొడుగులు ఆ మార్గంలోనివే.

ఇక మన మొదటి ప్రశ్నకు వద్దాం. తొడుగు ఏ పంటికి అవసరం? పుచ్చు గాని, పెద్ద సిమెంటు పూత గాని పంటిలో సగానికి మించి ఆక్రమించి గోడలు పలుచబడినప్పుడు ఒకటి. దవడ పంటికి రూట్ కెనాల్ చేసినప్పుడు రెండవది. నమిలి విడిచిన క్షణంలో చురుక్కుమని నొప్పి పుట్టించే పగులు పంటిలో ఏర్పడినప్పుడు మూడవది. నిద్రలో పళ్ళు కొరికే అలవాటు వల్ల గాని మరొక కారణం వల్ల గాని పన్ను బాగా అరిగిపోయినప్పుడు నాలుగవది. ఊడిన పంటి స్థానంలో వంతెన కట్టడానికి పక్క పళ్ళను స్తంభాలుగా వాడినప్పుడు, లేక దవడ ఎముకలో నాటిన టైటానియం మర మీద పన్ను నిలపవలసినప్పుడు అయిదవది. ఈ మర పద్ధతిని స్వీడన్‌లో బ్రానెమార్క్ 1965లో మొదటిసారి రోగికి ప్రయోగించాడు.

వీటిలో జనం ఎక్కువగా అశ్రద్ధ చేసేది రెండవదానిని. నరం పోయిన పన్ను ఎండి పెళుసవుతుందని పూర్వం భావించేవారు. అసలు కారణం అది కాదు. పుచ్చు కొంత తినగా, వేరు కాలువలను చేరడానికి వైద్యుడు పైకప్పును తొలగించగా, చివరకు నాలుగు గోడలు మాత్రం నిలిచి ఉంటాయి. వేరుశనగ గింజల నడుమ దాగిన ఒక్క రాయి మీద పడిన ఒత్తిడి ఆ గోడలను రెండుగా విడదీయడానికి చాలును. 1984లో సోరెన్సెన్, మార్టినాఫ్ అనే పరిశోధకులు ఇటువంటి చికిత్స పొందిన 1,273 పళ్ళను పరిశీలించారు. దవడ పళ్ళకు తొడుగు ఉన్నచోట అవి ఎక్కువగా నిలిచినవనీ, ముందు పళ్ళకు మాత్రం తొడుగు వల్ల చెప్పుకోదగిన తేడా కనిపించలేదనీ తేలినది. నమిలే భారం మోసే పంటికే పొన్ను అవసరమన్న మాట.

ఎప్పుడు అవసరం లేదో తెలియడం కూడ అంతే ముఖ్యం. తొడుగుకు చోటివ్వడానికి పంటిని చుట్టూ చెక్కవలెను. కిరీటభాగంలో సగానికి మించి ఈ పనికే పోవచ్చును. జీవంతో ఉన్న పంటిని అంతగా చెక్కినప్పుడు లోపలి నరం చచ్చిపోయే ప్రమాదం కూడ కొంత ఉన్నది. కనుక చిన్న పుచ్చుకు పూత చాలును. రంగు మారిన పంటికి ముందుగా తేలిక మార్గాలు వెదకవలెను. నెల్లూరు జిల్లాలో నీటి ఫ్లోరైడు వల్ల కలిగే వ్యాధిని గూర్చి 1937లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. నల్లగొండ జిల్లా పేరు ఆ వ్యాధితో ముడిపడి దేశమంతటా వినిపించినది. ఆ ప్రాంతాల యువతీయువకుల పళ్ళ మీది గోధుమరంగు మచ్చలకు పాలిష్, పలుచని పూత వంటి ఉపాయాలు ముందు చూడదగినవి. ఎనామిల్ గుంటలుపడి రాలిపోయినచోటనే తొడుగు ఆలోచన తగును. అట్లాగే చిగురు పైన కనీసం 1.5 నుండి 2 మిల్లీమీటర్ల గట్టి పంటిగోడ చుట్టూ మిగలకపోతే తొడుగు నిలవదు. రోకలి కొనలో కర్రే లేనప్పుడు పొన్ను దేనిని పట్టుకోగలదు?

పసిపిల్లల విషయం వేరు. పాలపళ్ళు ఊడేవేగదా అని పెద్దలు ఉపేక్షిస్తారు. కాని పాల దవడ పన్ను ముందుగా పోతే శాశ్వత దంతానికి చోటు తప్పుతుంది. 1950లో హంఫ్రీ అనే అమెరికన్ వైద్యుడు ముందే తయారైన ఉక్కు తొడుగులను పిల్లలకు వాడడం ప్రారంభించాడు. స్కాట్లండులో నోర్నా హాల్ అనే వైద్యురాలు పంటిని చెక్కకుండా, మత్తుసూది వేయకుండా, పుచ్చు మీదనే ఈ తొడుగును బిగించి మూసివేసింది. ఆమె రోగుల ఫలితాలు 2006లో ప్రకటితమైన తర్వాత ఈ పద్ధతి అనేక దేశాలకు వ్యాపించినది. ఆహారం అందని సూక్ష్మజీవి పెరగలేదు, పుచ్చు ఆగిపోతుంది. ఇది హంటర్ ఖండించిన సమాధి వంటిది కాదా అని ఎవరికైనా తోచవచ్చును. తేడా ఉన్నది: లోపలి గుజ్జు ఆరోగ్యంగా ఉన్నదని నిర్ధారణ చేసుకొన్న పంటికే, అంచులు బిగువుగా మూసి, ఈ తొడుగు వేస్తారు. చీము ఉన్న పంటికి ఇది పనికిరాదు.

మన దేశంలో దంతవైద్య విద్యకు 1920లో కలకత్తాలో కళాశాల స్థాపించి డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మద్ పునాది వేశారు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చి అర్హులైనవారి పట్టిక ఏర్పడినది. అయినా వీధిపక్కన గొడుగు కింద కూర్చుండి పళ్ళు కట్టేవారు చాలాకాలం కనిపించేవారు. పుచ్చిన పంటి మీదనే పసుపుపచ్చని రేకు బిగించి 'బంగారు పన్ను' అని పంపివేసేవారి చేతిలో ఎందరు మోసపోయినారో! హంటర్ 1910లో చెప్పిన మాట అక్కడ అక్షరాలా వర్తించేది.

కిరీటం పెట్టించుకొన్నంత మాత్రాన బాధ్యత తీరదు. పింగాణీ పుచ్చదు, లోహం పుచ్చదు. కిరీటం అంచు కింద ఉన్న మన పన్ను పుచ్చుతుంది. రాజు తలపై కిరీటం వలె దానిని చూచుకొని మురియడం గాక, చిగురు అంచున రోజుకు రెండు మారులు శుభ్రం చేసుకోవడమే దానికి తగిన సేవ. కనుక తొడుగు వేయించుకోమని వైద్యుడు చెప్పినప్పుడు మనం అడగవలసినవి మూడు ప్రశ్నలు: లోపల మిగిలిన పన్ను ఎంత? వేరు శుభ్రంగా ఉన్నదా? తొడుగు లేకపోతే ఏమవుతుంది? ఈ మూడింటికి తృప్తికరమైన సమాధానం దొరికితే సందేహించవలసిన పని లేదు.

కర్ణుడు ఊడగొట్టి ఇచ్చినది బంగారమని జనం చెప్పుకొంటారు. కాని ఏ బంగారమూ చేయలేని పని పుట్టుపన్ను చేస్తున్నది. ఎత్రుస్కనుల పట్టీ నుండి నేటి జిర్కోనియా వరకు సాగిన ఈ సుదీర్ఘ చరిత్ర నేర్పిన పాఠం ఒక్కటే: పైన పెట్టే కిరీటం కన్న కింద నిలిచిన పన్నే విలువైనది, కిరీటం దానిని కాపాడడానికి పెట్టే పొన్ను మాత్రమే.